గంప బరువు

జులై 6, ఆదివారం

పదకొండు సైకిళ్లు, పదకొండు మంది. ఒక్కరూ పడలేదు.

ఇవాళ కాలేజీ గ్రౌండు నుంచి కాలువ లాకుల వంతెన దాటి బస్టాండు సెంటరు వరకు రేవుపాలెంలో చేపలమ్ముకునే ఆడవాళ్లు వరసగా తొక్కుకుంటూ వెళ్లారు. ముందు నేను. ఆటోవాళ్లు బళ్లు ఆపి మరీ చూశారు. చూడనీ. చేపల గంపతో చెయ్యెత్తితే ఆపకుండా పోయేది వీళ్లే కదా, నీళ్లు కారతాయి, వాసనొస్తుంది, తర్వాత బేరాలు రావు అని. రోజూ ఏడు కిలోమీటర్లు నెత్తిన గంపతో నడిచొచ్చే మనుషులు ఇవాళ వాళ్ల ముందు నుంచి బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. నాకు ఎంత బాగుందో.

మా సైకిల్ క్లబ్బు పెట్టి ఆరేళ్లయింది. ప్రతి ఆదివారం పొద్దున్నే పద్నాలుగు మందిమి రంగు చొక్కాలేసుకుని అంతర్వేది వైపు తొక్కి, ఇడ్లీ తిని, ఫోటోలు పెట్టుకుంటాం. అందులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆరేళ్లలో మమ్మల్ని చూసి సైకిలెక్కినవాడు ఊళ్లో ఒక్కడు లేడు. ఫిబ్రవరి మీటింగులో ఈ మాటే అన్నాను. ర్యాలీలు చేసి బ్యానర్లు కడితే జనం ఎక్కరు, సైకిల్ లేక కాళ్లీడ్చుకుంటున్నది ఎవరో చూసి వాళ్లకు నేర్పితే ఎక్కుతారు అన్నాను. కార్యదర్శిని కాబట్టి నాకు ఆ మాత్రం అనే హక్కుంది. జానకిరామ్ గారు నవ్వారు. ఆయన వకీలు, ఎవరేం చెప్పినా ముందు నవ్వుతారు. ప్రెసిడెంటు సత్యనారాయణరాజు గారు నవ్వలేదు. రొయ్యల మేత వ్యాపారం చేసే మనిషి, పని తెలిసినవారు. ఎంతమందికమ్మా అని అడిగి పన్నెండు సైకిళ్లు కొనిచ్చారు. ఒకటి మిగిలితే మా ఇంట్లోనే ఉంచాను.

మూడు వారాలు నేర్పాను. తలుపులమ్మ మూడో రోజుకే నా చెయ్యి వదిలించుకుని తొక్కేసింది. ముప్పై ఆరేళ్ల మనిషి, భర్త పడవ మీద పోతాడు, మిగతా పదిమందిని ఇళ్లకెళ్లి లాక్కొచ్చింది ఆమే. గంప పెట్టుకుని కూడా నేర్చుకుంటానని పోయిన వారం అడిగింది. వద్దన్నాను. నేర్చుకునేటప్పుడు బరువు ప్రమాదం కదా. ముందు బ్యాలెన్సు కుదరాలి.

రాజు గారి ఫ్లెక్సీ ముందు ఫోటో చాలా బాగా వచ్చింది.

జులై 9, బుధవారం

తలుపులమ్మ పడిపోయింది. లాకుల వంతెన ఎక్కేటప్పుడు, పొద్దున ఏడింటికి, వెనక చేపల గంపతో. మోకాలి కింద రెండెముకలూ విరిగాయట. ఆ పదకొండు మందిలోని సత్యకుమారి ఫోన్ చేసి చెప్పింది. ఆ పిల్ల వెనకే వస్తోంది, కళ్లారా చూసింది. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఫోన్ వచ్చేసరికి నేను కాలేజీలో క్లాసు చెబుతున్నాను. క్లాసు పూర్తి చేశాను.

జులై 10, గురువారం

ఆసుపత్రికి వెళ్లాను. యాపిల్ పళ్లు తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో.

తలుపులమ్మకు ఇంజక్షన్ ఇచ్చారు, నిద్రలో ఉంది. ఆమె భర్త త్రిమూర్తులు నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు. మాట్లాడింది ఆమె అత్తగారు అచ్చాయమ్మ. కోపంగా కూడా అనలేదు, అక్కడున్న నర్సుకు నన్ను పరిచయం చేస్తున్నట్టుగా అంది. "ఈవిడేనండి మా కోడలికి సైకిలెక్కడం నేర్పింది. చేపలతో ఎక్కడం నేర్పలేదండి. చేపల్లేకుండా మాకు ఊళ్లోకి ఏం పనండి?"

నాకు ఒళ్లు మండిపోయింది. మూడు వారాలు ఎండలో ఆ పదకొండు మంది వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది ఎవరు? ఆ మాట అనలేదు. బయటకొచ్చి స్కూటర్ తాళం కోసం బ్యాగంతా వెతికాను, తాళం బండికే ఉంది.

జులై 11, శుక్రవారం

నేను చెప్పాను. బరువు పెట్టొద్దని చెప్పాను.

జులై 13, ఆదివారం

రైడ్ లేదు. రాజు గారి ఆఫీసులో అత్యవసర మీటింగు.

రాజు గారు నిద్ర లేని ముఖంతో ఉన్నారు. రెండేళ్ల కిందట వాళ్ల తమ్ముడి రొయ్యల చెరువు మీద పనివాడికి కరెంటు షాకు కొట్టింది, ఆసుపత్రికి తీసుకెళ్లిన పాపానికి ఈయన ఇప్పటికీ కోర్టుకు తిరుగుతున్నారు. సాయం చేయబోయిన ప్రతిసారీ మెడకు చుట్టుకుంటోందమ్మా అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

జానకిరామ్ గారు ఉత్తరం టైపు చేసి తెచ్చారు. సదరు తలుపులమ్మ అను మహిళ, సైకిల్‌పై సరుకు వేయరాదన్న శిక్షకురాలి స్పష్టమైన హెచ్చరికను లెక్కచేయక, స్వయంకృతాపరాధం వల్ల గాయపడినది. కింద శిక్షకురాలి సంతకానికి చోటు. మిగతా పదిమందీ సరుకు వేయబోమని కాగితం రాసివ్వాలి, లేదా ఇరవయ్యో తారీఖుకల్లా సైకిళ్లు తిరిగివ్వాలి. అవి స్కూలు పిల్లలకు వెళతాయి.

చేపలు వెయ్యకపోతే వాళ్లకు సైకిలెందుకండీ అన్నాను. అన్నాక గాని ఆ మాట ఎవరిదో నాకు గుర్తు రాలేదు.

"మంజుష గారూ, అది తర్వాత చూద్దామండి," అన్నారు జానకిరామ్ గారు. "మీరు హెచ్చరించారా లేదా, ఒక్క మాట చెప్పండి."

హెచ్చరించానన్నాను.

"అయితే సంతకానికి ఏంటండి ఇబ్బంది?"

ఇంటికి తీసుకెళ్లి చదివి పెడతానన్నాను. పది వాక్యాల కాగితం. అక్కడే రెండుసార్లు చదివేశాను.

జులై 14, సోమవారం

సంతకం పెట్టలేదు. కాలేజీలో యూనిట్ టెస్టు, తీరిక లేకపోయింది.

రవి కాగితం చదివి, నిజమే ఉంది కదా, పెట్టెయ్ అన్నాడు. నిజమే ఉంది. నా మొగుడికి నా మీద అంత నమ్మకం ఇవాళే ఉండాలా?

జులై 15, మంగళవారం

జానకిరామ్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

రేవుపాలెం వాళ్లు మళ్లీ నడిచి వస్తున్నారు. బస్టాండు దగ్గర నెత్తిన గంపతో సత్యకుమారి కనబడింది. నన్ను చూసి అవతలి పక్కకు దాటింది.

జులై 16, బుధవారం

మోచేతి కింద చర్మం లేచిపోయింది, రాయడం కష్టంగా ఉంది. అయినా ఇవాళ రాయాలి.

ఇంట్లో మిగిలిన పన్నెండో సైకిల్ తీశాను. క్యారియర్ మీద ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా పెట్టి పాత ట్యూబుతో బిగించి కట్టాను. నాకేమీ కాదని, పద్ధతిగా తొక్కితే ఎవరికీ ఏమీ కాదని నాకు నేను రుజువు చేసుకుందామనుకున్నాను. అదీ నా ఉద్దేశం. చదును రోడ్డు మీద కాస్త ఊగినా బాగానే పోయింది. లాకుల వంతెన ఎత్తు మొదలయింది. సగం దూరం ఎక్కేసరికి ముందు చక్రం నేల వదిలేసింది. హ్యాండిల్ చేతుల్లోనే ఉంది, దాన్ని ఎటు తిప్పినా సైకిల్‌కు పట్టడం లేదు. ఎడమ పక్కకు పడ్డాను, బస్తా పిగిలి రోడ్డంతా బియ్యం. లాకుల మీద పనిచేసే ఆయన వచ్చి లేపాడు. ఇక్కడే మొన్నొకావిడ పడిందండి అన్నాడు.

పదిహేనేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. గురుత్వ కేంద్రం పాఠానికి ప్రతి ఏడూ బోర్డు మీద ఎత్తెక్కే లారీ బొమ్మ గీస్తాను, లోడు వెనక్కి జరిగితే ఏమవుతుందో బాణాలు వేసి చూపిస్తాను. మూడు వారాలు ఆ పదకొండు మందికీ ఖాళీ సైకిళ్ల మీద బ్యాలెన్సు నేర్పి, అందరికీ వచ్చేసిందని చప్పట్లు కొట్టించాను. మా క్లబ్బులో ఒక్కరం కూడా ఎప్పుడూ సైకిల్ మీద మంచినీళ్ల సీసా కన్నా బరువైనది మొయ్యలేదు. వాళ్లకు బరువే పని. అదొక్కటే నేర్పలేదు.

ఇంకోటి కూడా రాయాలి. ఆరో తారీఖున ఇందులో అబద్ధం రాశాను. పదకొండున ఇంకోటి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

ఆ రోజు తలుపులమ్మ అడగడమే కాదు, గంప తీసుకునే వచ్చింది. ఖాళీ గంప, శుభ్రంగా తోమి ఆరబెట్టి తెచ్చింది. ఇందులో ఇటుకలేసుకుని నేర్చుకుంటానండి అంది. నేను గంపకేసి చూశాను. సైకిళ్లు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యనంత కొత్తవి, ఫోటో ఇంకో ఆరు రోజుల్లో ఉంది, రాజు గారి కుటుంబమంతా వస్తున్నారు. గంప వాసన క్యారియర్‌కు పట్టిందంటే వదలదు. నేనన్నది ఇదీ, అక్షరం పొల్లుపోకుండా: "కొత్త సైకిళ్లు కదా తలుపులమ్మా, ఫంక్షన్ అయ్యేదాకా ఆగు. ఆ తర్వాత నీ ఇష్టం."

ప్రమాదమని అనలేదు. ఆమెతోనే కాదు, ఎవరితోనూ అనలేదు. ఫంక్షన్ అయ్యేదాకా ఆమె ఆగింది.

నేను ఆ ఆటోవాళ్ల లాంటిదాన్నే. వాళ్లు మొహం మీదే పొమ్మంటారు, నేను నవ్వుతూ భుజం తట్టి పొమ్మన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జులై 17, గురువారం

కాలేజీ అయ్యాక రేవుపాలెం వెళ్లాను. తలుపులమ్మను ఇంటికి తెచ్చేశారు. కాలికి తొడ దాకా కట్టు, వరండాలో మంచం. సైకిల్‌ను గోడకు ఆనించి గోనెసంచి కప్పారు. అచ్చాయమ్మ టీ ఇచ్చింది, అది నాకు ఇంకా కష్టమనిపించింది.

నిలబడే చెప్పేశాను. గంప ఎందుకు వద్దన్నానో, క్లబ్బు కాగితంలో ఏం రాసుందో, మీటింగులో నేనేం చెప్పానో, అంతా. కూర్చుని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, అప్పుడు వాళ్లే నన్ను ఓదార్చాల్సి వచ్చేది.

తలుపులమ్మ కట్టు మీది దుప్పటి సరిచేసుకుంది. తర్వాత అంది: "నాకప్పుడే తెలిసిందండి, వాసన గురించేనని. ఇంకోసారి గట్టిగా అడుగుదామనుకున్నానండి. మూడు వారాల్లో మీరొక్కసారి కూడా మా దగ్గర ముక్కు మూసుకోలేదు మేడంగారూ. ఆ గౌరవం పోగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను."

టీ చల్లారిపోయింది, అలాగే తాగాను.

వచ్చేటప్పుడు నా మోచేతి కట్టు చూసి ఏంటని అడిగింది. చెప్పాను. బియ్యం బస్తా ఎక్కడ కట్టారంది. క్యారియర్ చివరికంటా అన్నాను. నేనూ అక్కడే కట్టానండి, సీటుకి ఆనించి కట్టాల్సింది అంది. పడుకుని ఎనిమిది రోజులుగా ఆమె దాని గురించే ఆలోచిస్తోంది. నేను నా సంతకం గురించి ఆలోచిస్తున్నాను.

జులై 20, ఆదివారం

జానకిరామ్ గారి కాగితం బదులు నాది నేను రాసుకెళ్లి చదివాను. ఒక పేజీ. హెచ్చరించలేదు, నేర్పాల్సింది నేర్పలేదు, అడిగితే ఫోటో కోసం వద్దన్నాను.

పద్నాలుగు మందిలో ఒకాయన నేల చూపులు చూశాడు, ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. జానకిరామ్ గారు ఈసారి నవ్వలేదు. ఈ కాగితం బయటికెళితే క్లబ్బు మొత్తం మునుగుతుందండి, చింపెయ్యండి అన్నారు. మీరు చింపినా నా దగ్గర ఇంకోటుంది అన్నాను. అది నిజం కాదు, కానీ పనిచేసింది.

రాజు గారు చాలాసేపు బల్ల మీద వేలితో గీస్తూ కూర్చున్నారు. కార్యదర్శి పదవికి రాజీనామా ఇవ్వమన్నారు. ఇచ్చాను. ఆసుపత్రి ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, అది క్లబ్బుతో పని లేదు అన్నారు. సైకిళ్ల మాటకొచ్చేసరికి మాత్రం గట్టిగా నిలబడ్డారు.

"ఇంకో కాలు విరిగితే నేను తట్టుకోలేనమ్మా. వచ్చే ఆదివారం లాకుల దగ్గరికి నేనే వస్తాను. బరువుతో ఎక్కి, దిగి, ఎవరు నా కళ్లముందు చూపిస్తే సైకిల్ వాళ్లది. చూపించలేకపోతే వ్యాన్ పక్కనే ఉంటుంది."

వారం రోజులు.

జులై 21, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. పదిమందిలో నలుగురు రామన్నారు, వాళ్ల ఇళ్లలో ఒప్పుకోలేదు. ఆరుగురున్నారు. సత్యకుమారి వస్తానంది గానీ సైకిల్‌ను పాముని చూసినట్టు చూస్తోంది.

బరువు దేంతో? చేపలు పెట్టి పడితే ఆ రోజు కూడు పోయినట్టే. ఇటుకలైతే పడ్డప్పుడు మీద పడతాయి. బియ్యం సంగతి నాకు తెలుసు. నలుగురం నాలుగు రకాలుగా చెబుతుంటే మంచం మీంచి తలుపులమ్మ అడిగింది, మేడంగారూ మీరెంత ఉంటారండి అని.

యాభై ఎనిమిది కిలోలు అన్నాను.

"మీరెక్కి కూర్చోండి. మిమ్మల్ని మోసిందంటే గంప ఒక లెక్కా. పడినా మీకు కాళ్లున్నాయి, దిగిపోతారు."

అందరూ నవ్వారు. పన్నెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు. ఆమె మాత్రం నవ్వలేదు, నన్నే చూస్తోంది. సరేనన్నాను.

జులై 22, మంగళవారం

నాలుగుసార్లు పడ్డాం.

జులై 24, గురువారం

తలుపులమ్మను త్రిమూర్తులు ఆటోలో తెచ్చి వంతెన పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆటోవాడు డబ్బులు తీసుకుని వెళ్లకుండా ఆగి చూశాడు. నేర్పేది ఇప్పుడు ఆమే. ఎత్తు వచ్చేముందే సీటు మీంచి లేవాలి, ఛాతీ హ్యాండిల్ మీదికి వంచాలి, దిగేటప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకూడదు, లాగలేకపోతే సిగ్గుపడకుండా దిగి నెట్టుకోవాలి. నన్ను వెనక్కి తిరిగి, వీపు తొక్కేవాళ్ల వీపుకు ఆనించి కూర్చోమంది. ముందుకు చూస్తే మీరు ఒళ్లు బిగిస్తారండి, బరువు కదులుతుంది అంది. ఫిజిక్స్ నాదే, చెప్పింది ఆమె.

ముగ్గురు దాటారు. సత్యకుమారి మూడుసార్లూ మధ్యలోనే ఆపేసింది. మూడోసారి ఇద్దరం పడ్డాం, నా మోకాలు చీరుకుపోయింది. ఆ పిల్ల వంతెన మీద కూర్చుని ఇక నావల్ల కాదండి అంది. నాకూ భయంగానే ఉంది. రాత్రింబవళ్లు కాలు విరిగిన చప్పుడు ఎలా ఉంటుందోనని ఆలోచిస్తున్నాను. చెప్పలేదు.

జులై 26, శనివారం

అయిదుగురు దాటారు. సత్యకుమారి రాలేదు.

జులై 27, ఆదివారం

ముందు ఇది రాసేస్తాను. ఆరు సైకిళ్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. తలుపులమ్మది కూడా ఉంటుంది, కాలు కుదిరాక ఆమె కూడా ఎక్కి చూపించాలన్నారు రాజు గారు. నాలుగు వ్యాన్ ఎక్కాయి. ఎక్కుతుంటే చూడలేకపోయాను. సైకిళ్ల మీద క్లబ్బు పేరు చెరిపించెయ్యమని జానకిరామ్ గారు చెప్పారు. అలాగేనన్నాను.

పొద్దున ఏడింటికి రాజు గారు, క్లబ్బు మొత్తం రంగు చొక్కాలతో వంతెన కింద నిలబడ్డారు. వ్యాన్ వెనక తలుపు తెరిచే ఉంది. అయిదుగురూ ఒకరి తర్వాత ఒకరు నన్ను ఎక్కించుకుని ఎక్కారు, దిగారు. ఒకామె చివర్లో తడబడి కాలు కింద పెట్టింది, రాజు గారు మళ్లీ చెయ్యమన్నారు, చేసింది. అయిదుసార్లు ఎక్కి దిగేసరికి నాకు నడుం పట్టేసింది.

అయిపోయిందనుకుంటుండగా సత్యకుమారి వచ్చింది. పాలెం నుంచి తొక్కుకుంటూ వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉంది. నేరుగా సైకిల్ తెచ్చి నా ముందు నిలబెట్టింది. తలుపులమ్మ కుర్చీలోంచి మెల్లిగా అంది, ఎక్కండి మేడంగారూ అని. ఎక్కాను. సీటుకి ఆనుకుని, వెనక్కి తిరిగి.

ఎత్తు మొదలైంది. నా వీపుకు తగులుతున్న వీపు ముందుకు వంగి దూరమైంది. రాజు గారు, జానకిరామ్ గారు, వ్యాన్, తలుపులమ్మ కుర్చీ అన్నీ నా కళ్లముందే కిందికి జారుతున్నాయి. చైను కరకరమంటోంది. మొన్న ఆగిపోయిన చోటు వచ్చింది, ముందు చక్రం తేలిపోతున్నట్టు నాకు నడుములో తెలిసింది. సత్యకుమారి ఊపిరి బిగబట్టి ఇంకా వంగింది. చక్రం మళ్లీ నేలకు ఆనింది. దాటేశాం. వంతెన మీద చదునుకు వచ్చాం.

దిగుడు మొదలైంది. అప్పుడు వినబడింది లారీ హారను, అవతలి వైపు నుంచి, చాలా దగ్గరగా. నాకు రోడ్డు కనిపించదు. ఎంత దూరంలో ఉందో తెలియదు, ఎటు పక్క వస్తోందో తెలియదు. తల తిప్పి, సత్యకుమారీ ఎడమకి, ఎడమకి తియ్యి, బ్రేకు వెయ్యి అని అరిచాను. నేను తిరగడంతో సైకిల్ ఒక్కసారి పక్కకు ఒరిగింది. ఆ పిల్ల ఎలాగో నిలబెట్టింది. వెనక్కి చూడకుండానే అంది. కోపం లేదు, భయం లేదు, పనిలో ఉన్న మనిషి గొంతు.

"కదలకండి మేడంగారూ. మీరిప్పుడు గంపండి. గంప మాట్లాడదు."

నోరు మూసుకున్నాను. రెండు చేతులతో క్యారియర్ పట్టుకుని, కళ్లు మూసుకుని, బరువుగా కూర్చున్నాను.